మా వార్డు కాగితంలో ‘త్వరలో’ అన్న మాట ఎందుకు ఉండేది కాదు

పత్రికాఫీసులో 31 ఏళ్లు ప్రూఫులు దిద్ది పదవీ విరమణ చేసిన మనిషికి, గోడకు అంటించిన ఏ కాగితాన్నీ ప్రశాంతంగా చదివే భాగ్యం ఉండదు. కిరాణా కొట్టు షట్టరు మీది ప్రకటన అయినా, అపార్ట్‌మెంటు లిఫ్టులోని నోటీసు అయినా వత్తులూ దీర్ఘాలూ సరిచూసుకున్నాకే నాకు విషయం బుర్రకెక్కుతుంది. 2021 వేసవిలో హైదరాబాద్‌లోని మా డివిజన్ (అంటే మా వార్డు) కార్పొరేటర్ కార్యాలయం నుంచి ఇంటింటికీ వచ్చిన ఒక కరపత్రాన్ని కూడా ఈ అలవాటు కొద్దీ ఎర్ర పెన్నుతో దిద్ది, మా కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి చేతికి సరదాగా ఇచ్చాను. ఆయన అంతే సరదాగా దాన్ని కార్పొరేటర్ గారి దాకా చేర్చారు. మూడో రోజు సాయంత్రం కార్పొరేటర్ గారే స్వయంగా మా ఇంటికి వచ్చి, నా ఎర్రగీతల కాగితాన్ని టీపాయ్ మీద పరిచి, “అంకుల్, అక్షర దోషాలు సరే. అడుగున ‘ఇందులో వార్త లేదు’ అని రాశారు కదా, అదేంటో చెప్పండి” అని అడిగారు.

ఆ కరపత్రంలో మూడొంతులు ఫోటోలే. మిగిలిన ఒక వంతులో నాలుగు వాక్యాలు ఉన్నాయి: డివిజన్ సమస్యల పరిష్కారానికి అహర్నిశలు కృషి చేయడం జరుగుతోందట, నాలా (వాన నీటి కాలువ) పూడికతీత యుద్ధప్రాతిపదికన చేపట్టడం జరిగిందట, అధికారులు సానుకూలంగా స్పందించారట, తాగునీటి సమస్య త్వరలో పరిష్కరించబడునట. ఇటువంటి వాక్యాలను నేను ఉద్యోగంలో రోజుకు వంద చూసేవాణ్ని. వాటిలో వ్యాకరణ దోషం ఉండదు, కర్త మాత్రం ఉండడు. పూడిక ఎవరు తీస్తున్నారో, ఏ అధికారి ఏమని స్పందించారో, నీళ్లు ఏ గల్లీకి ఏ రోజు వస్తాయో ఆ వాక్యాలను ఎన్నిసార్లు చదివినా తెలియదు. ‘బడును’ అన్న ప్రతి క్రియ వెనుకా ఒక మనిషి దాక్కుని ఉంటాడని ఆమెతో అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, “అయితే మీరే రాయండి అంకుల్, కింద నేను సంతకం పెడతాను” అన్నారు.

నేను రెండు షరతులు పెట్టాను. కాగితంలో ‘త్వరలో’ అన్న మాట ఉండకూడదు, ‘బడును’ అన్న క్రియ ఉండకూడదు. ఆమె ఒకే షరతు పెట్టారు: ఎవరి పని ఆగిందని రాస్తున్నామో వారిని ఒకసారి అడిగి, వారి జవాబు విన్నాకే రాయాలి. నా షరతుల కంటే ఆమె షరతే కష్టమైనదని నాకు తరువాత తెలిసింది. అలా 2021 జూన్ నుంచి 2025 డిసెంబరు దాకా, నా మోకాలి ఆపరేషన్ జరిగిన మూడు వారాలు తప్ప, ప్రతి శనివారం ఏ4 కాగితానికి ఒక వైపున మా వార్డు సంగతులు రాశాను. ఇప్పుడు వార్డుల హద్దులు మారాయి కనుక, పక్క కాలనీల మిత్రులు ‘అదంతా ఎలా చేశారో ఒకచోట రాసిపెట్టండి’ అని అడుగుతున్నందువల్ల ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను ఏ పార్టీ మనిషినీ కాను. ఆమెది ఏ పార్టీ అన్నది ఇక్కడ అవసరం లేదు.

ముందుగా కార్పొరేటర్ అధికారం ఎంతవరకు అన్నది చెప్పుకోవాలి, ఎందుకంటే మా కాగితం బలంలో సగం ఆ హద్దును దాచకుండా చెప్పడంలోనే ఉంది. 2007 ఏప్రిల్ 16న పాత నగరపాలక సంస్థలో చుట్టూ ఉన్న 12 పురపాలక సంఘాలనూ 8 గ్రామ పంచాయతీలనూ కలిపి గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థను (జీహెచ్‌ఎంసీని) ఏర్పాటు చేశారు, తరువాత దాన్ని 150 వార్డులుగా విభజించారు. 2011 జనాభా లెక్కల్లో నగర జనాభా 67 లక్షలు దాటింది కనుక, సగటున ఒక్కో కార్పొరేటర్ వంతుకు 45 వేల మంది వచ్చేవారు. అంటే ఒక చిన్న పట్టణం. అయితే ఆ పట్టణానికి ఆమె పాలకురాలు కాదు. కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. కార్పొరేటర్ సర్వసభ్య సమావేశంలో ప్రశ్న వేయగలరు, ఓటు వేయగలరు, 15 మంది సభ్యులుండే స్థాయీ సంఘానికి ఎన్నికైతే పనుల మంజూరులో పాలు పంచుకోగలరు, ఇంజనీరుకు ఫోన్ చేసి గట్టిగా అడగగలరు. ఆ ఇంజనీరును బదిలీ చేయడం గానీ, కాంట్రాక్టరు బిల్లు పాస్ చేయడం గానీ ఆమె చేతిలో లేదు.

జనానికి ఈ తేడా పట్టదు, పట్టాల్సిన అవసరమూ వారికి కనిపించదు. వాకిట్లో మ్యాన్‌హోల్ పొంగితే అది 1989లో ఏర్పడిన, నగరానికి తాగునీరు, మురుగునీటి పనులు చూసే జలమండలి పని, వాన నీరు పోయే కాలువ జీహెచ్‌ఎంసీ చూసే పని. ఆ రెండు నీళ్లూ కలిసిపోయి ఇంటి మెట్లెక్కుతున్నప్పుడు, ఏది ఎవరి నీరో తేల్చుకుని ఫోన్ చేయమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. వీధి దీపం ఒకరిది, అదే స్తంభం మీది కరెంటు తీగ మరొకరిది, దాని పక్కనే ఉండల్లా చుట్టి వేలాడే కేబుల్ తీగలు తమవని ఎవరూ ఒప్పుకోరు. సికింద్రాబాద్ వైపు కొన్ని చోట్ల రోడ్డు దాటితే చాలు, జీహెచ్‌ఎంసీయే పోయి కంటోన్మెంట్ బోర్డు వస్తుంది. అటువైపు గుంతకు ఇటువైపు కార్పొరేటర్‌ను నిలదీసేవాళ్లు ఉంటారు. అందుకని మా కాగితంలో ప్రతి సంగతి పక్కన ‘ఎవరి పని’ అని ఒక గడి పెట్టాము. అందులో మనిషి పేరు కాక హోదా మాత్రమే రాసేవాళ్లం: ఇంజనీరింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), జలమండలి మేనేజరు, పారిశుద్ధ్య జవాను, లైన్‌మన్. కాగితం అడుగున ప్రతి వారం జలమండలి వారి 155313, జీహెచ్‌ఎంసీ వారి 040-21111111 నంబర్లు ఉండేవి. ఆరు నెలలు గడిచేసరికి మా గల్లీ పిల్లలు సైతం “ఇది జలమండలి పని, అది మున్సిపాలిటీ పని” అని తేల్చి చెప్పసాగారు. కార్పొరేటర్ గారికి వచ్చే ఫోన్లు తగ్గలేదు గానీ, ఫోన్ చేసినవాళ్లు ఫిర్యాదు నంబరు దగ్గర పెట్టుకుని మాట్లాడటం మొదలైంది.

మా కార్పొరేటర్ ఉన్న పాలకవర్గం ఎన్నికైన సందర్భం కూడా మరచిపోకూడదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు నగరంలో చాలా బస్తీలు మునిగాయి. వరద సాయంగా ప్రకటించిన 10 వేల రూపాయల దరఖాస్తు కోసం మీసేవ కేంద్రాల ముందు బారులు తీరిన జనం ఇళ్లకు చేరుకునేలోపే ఎన్నికల కోడ్ వచ్చింది. డిసెంబరు 1న కరోనా భయం మధ్య బ్యాలెట్ కాగితాలతో ఓటింగ్ జరిగితే, సగం మందికి పైగా ఓటర్లు గడప దాటలేదు. ఓటు వేయని సగం మందితోనే తన పని మొదలవుతుందని కార్పొరేటర్ గారు మొదటి రోజు నాతో అన్నారు. రాజకీయ నాయకుల మాటల మీద నాకున్న సహజమైన అనుమానంతో నేను తల మాత్రం ఊపాను.

మా కాలనీకి, దాని దిగువన ఉన్న బస్తీకి మధ్య ఒక నాలా ఉంది. బస్తీలో నాలాకు ఆనుకుని ఉన్న ఒక ఇంట్లో, దేవుడి క్యాలెండరు పక్కన సున్నం గోడ మీద బొగ్గుతో అడ్డంగా గీసిన గీత ఉంటుంది. ఆ రాత్రి నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయి. నేను నిలబడితే ఆ గీత నా ఛాతీకి తగులుతుంది. ఆ ఇంటి ఇల్లాలు నలుగురి ఇళ్లలో పని చేసుకుని బతికే మనిషి. ఆ తరువాత రెండుసార్లు గోడకు సున్నం వేయించినా గీత ఉన్న మేర జానెడు పట్టీని మాత్రం వదిలేయించింది. ఎందుకమ్మా అని అడిగితే, “యాదిల ఉండాలె గద సారూ. మీరు కాయితం మీద రాసుకుంటరు, నేను గోడ మీద రాసుకున్న” అన్నది. కార్పొరేటర్ గారు మొదటిసారి ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆ గీత మీద అరచేయి ఆనించి కొంతసేపు నిలబడ్డారు. వెంట వచ్చిన కుర్రాడు ఫోటో తీయబోతే వద్దన్నారు. ఆ ఒక్క సంగతితో నా అనుమానం కొంత సడలిందని ఒప్పుకుంటాను.

నాలా పూడికతీత గురించి మామూలు ప్రకటనలకూ వాస్తవానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ గీత పక్కన నిలబడితే అర్థమవుతుంది. ఏటా వేసవిలో పూడిక తీస్తారు, అది నిజమే. తీసిన మట్టిని తడి ఆరడానికి గట్టు మీదే పోస్తారు. అదీ అవసరమే, తడి మట్టిని లారీలో వేస్తే దారి పొడవునా కారుతుంది. అసలు చిక్కు ఆ తరువాతి వారంలో ఉంది. ఆరిన మట్టిని ఎత్తుకుపోకముందే మృగశిర కార్తె వానలు పడితే, గట్టు మీది గుట్ట మొత్తం మళ్లీ నాలాలోకి జారిపోతుంది. లెక్కల్లో పూడిక తీసినట్టే ఉంటుంది, నాలాలో పూడిక ఉన్నట్టే ఉంటుంది. అందుచేత 2022 వేసవిలో మేము ‘పూడిక తీశారు’ అని రాయడం మానేసి, ‘తీసిన మట్టిని ఎత్తారా’ అన్న దాన్నే వార్తగా చేసుకున్నాము. గట్టు పొడవునా కరెంటు స్తంభాలకు నంబర్లు ఉంటాయి కనుక, ఫలానా స్తంభం నుంచి ఫలానా స్తంభం దాకా మట్టి ఎత్తారు, ఫలానా చోట ఇంకా ఉంది అని శనివారం శనివారం రాసేవాళ్లం. మూడో వారం కాంట్రాక్టరు నాకు ఫోన్ చేసి, “సార్, ఆ స్తంభాల దగ్గర నిన్న రాత్రే ఎత్తించాను, ఈసారి కాగితంలో రాయండి” అన్నాడు. వెళ్లి చూసి, రాశాను. ఆ ఏడాది ఆ ఇంటి గడప దాకా వచ్చిన నీరు లోపలికి రాలేదు. వాన తక్కువ పడిందో, మట్టి ఎత్తినందువల్లో నేను తేల్చి చెప్పలేను.

జనంతో సమావేశాలు మాత్రం మొదట్లో బాగా బెడిసికొట్టాయి. కమ్యూనిటీ హాలులో ఆదివారం ఉదయం 11 గంటలకు పెట్టిన మొదటి సభకు పద్నాలుగు మంది వచ్చారు. అందులో తొమ్మిది మంది పార్టీ వాళ్లే. ఆదివారం పదకొండుకు ఈ నగరంలో మగవాళ్లు మటన్ కొట్టు దగ్గర వరుసలో ఉంటారని, ఆడవాళ్లు వంటింట్లో ఉంటారని, ఇళ్లలో పనిచేసేవారికి ఆ రోజే రెట్టింపు పని ఉంటుందని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. తెలిసే పెట్టుకున్నాము, ఎందుకంటే హాలు ఆ సమయానికే ఖాళీ. వేదిక మీద ప్లాస్టిక్ పూలదండలు, శాలువాలు, మైకు పరీక్ష, ముగ్గురి ప్రసంగాలు ముగిసేసరికి వచ్చిన అయిదుగురు కాలనీవాసుల్లో ఇద్దరు లేచి వెళ్లారు.

ఆ తరువాత పద్ధతి మార్చాము. వారానికి ఒక గల్లీ చొప్పున, బుధవారం రాత్రి ఏడున్నరకు, గల్లీ మొగలో టెంట్‌హౌస్ నుంచి తెచ్చిన ఇరవై కుర్చీలు. వేదిక లేదు, మైకు లేదు, శాలువా అసలే లేదు. కుర్చీలు ముసలివాళ్లకు; కార్పొరేటర్ గారు కూడా నిలబడే మాట్లాడేవారు. ఎదురింటి అరుగు మీద కూర్చుని నేను రాసుకునేవాణ్ని. రెండో గల్లీలోనో మూడో గల్లీలోనో కూరగాయల బండి నడిపే ఒకామె నా నోటుపుస్తకం వంక చూపిస్తూ, “ఏంది సారూ, అప్పటిసంది రాస్తనే ఉన్నవ్, రాసిందంత ఏడికి పోతది?” అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ ప్రశ్న మాకు ఉపయోగపడినంతగా మరేదీ ఉపయోగపడలేదు. మరుసటి వారం నుంచి ప్రతి గల్లీ సభా పాత జాబితా చదవడంతో మొదలయ్యేది. ఇంతకుముందు గల్లీలో ఏమేమి అడిగారు, అందులో ఏది అయింది, ఏది కాలేదు, కానిది ఎవరి బల్ల మీద ఉంది అన్నది నేను పైకి చదివేవాణ్ని, ఆ తరువాతే కొత్త ఫిర్యాదులు. పాత జాబితా చదివే పది నిమిషాలూ కార్పొరేటర్ గారికి నరకంగా ఉండేదని ఆమే చెప్పారు. జనం మాత్రం ఆ పది నిమిషాల కోసమే వచ్చేవారు.

ఈ నగరంలో ఒక్క తెలుగులో రాస్తే సగం మందికే అందుతుందన్న సంగతి కూడా గల్లీల్లో తిరిగితేనే తెలిసింది. మా వార్డులో ఉర్దూ కుటుంబాలు చాలా ఉన్నాయి. మసీదు పక్క బడిలో పాఠాలు చెప్పే ఒక టీచరమ్మ శుక్రవారం రాత్రి నా కాగితాన్ని ఉర్దూలోకి మార్చేవారు. వెనుక వైపు అది అచ్చయ్యేది. ఆమె అనువాదం చేయలేక ఫోన్ చేసిన ప్రతిసారీ తప్పు నా వాక్యంలోనే ఉందని తేలేది. ఒకసారి ‘అభివృద్ధి పనుల పురోగతి’ అని రాశాను. “యే క్యా హై సాబ్, రోడ్ బనీ యా నై బనీ?” అని అడిగారు. రోడ్డు సగం పడింది. ‘సగం పడింది’ అనే మార్చి రాశాను. చదవడం రానివారికోసం శనివారం సాయంత్రం కార్పొరేటర్ గారు ఆ కాగితాన్నే మూడు నిమిషాల్లో చదివి వాట్సాప్‌లో ఆడియో పంపేవారు, ఒకటి తెలుగులో, ఒకటి దక్కనీలో. కట్టడాల దగ్గర పనిచేసే ఒడియా, బిహారీ కూలీలకు మాత్రం మా కాగితం చివరిదాకా చేరలేదు. ఓటు ఇక్కడ లేనివారి గురించి పట్టించుకునే వ్యవస్థ మాది కూడా కాలేకపోయింది.

ఇక నా తప్పు సంగతి. మా వైపు మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఒకసారి పైప్‌లైన్ మరమ్మతు కోసం బుధవారం ఉదయం 6 నుంచి గురువారం ఉదయం 6 దాకా సరఫరా ఆపుతామని ముందుగానే ప్రకటన వచ్చింది. దాన్ని చూసి రాసేటప్పుడు నేను ‘గురువారం నుంచి శుక్రవారం’ అని రాశాను. ఎంత చిన్న పొరపాటో చూడండి, కానీ దాని నడక వేరు. మా నాలుగు గల్లీల వంతు సోమ, బుధ, శుక్రవారాలు. కాగితాన్ని నమ్మినవాళ్లు బుధవారం నీళ్లు మామూలుగా వస్తాయనుకుని సోమవారం పట్టిన నీళ్లను పొదుపు చేయలేదు. బుధవారం నల్లా తిప్పితే గాలి వచ్చింది. తరువాతి వంతు శుక్రవారం. రెండు రోజుల నీళ్లతో నాలుగు రోజులు గడపాల్సి వచ్చింది. ఒక ఇంట్లో ఆ బుధవారమే బారసాల. వాళ్లు అప్పటికప్పుడు ప్రైవేటు ట్యాంకరు తెప్పించుకున్నారు.

2020 ఎన్నికల్లోనే ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో ఒక పార్టీ గుర్తు బదులు మరో పార్టీ గుర్తు బ్యాలెట్ కాగితం మీద అచ్చవడంతో అక్కడ పోలింగ్ ఆపేసి, డిసెంబరు 3న మళ్లీ నిర్వహించారు. ఆ వార్త చదివిన రోజు, దిద్దినవాడెవడో కళ్లు మూసుకుని దిద్దాడని నేను ఇంట్లో పెద్దగా నవ్వాను. నీళ్లు రాని ఆ బుధవారం ఆ నవ్వు నాకు గుర్తొచ్చింది. ట్యాంకరు డబ్బు ఇవ్వబోతే ఆ ఇంటాయన తీసుకోలేదు. “డబ్బు సంగతి వదిలేయండి సార్, నీళ్లు ఆగే సంగతి శనివారం ఒక్కసారి వేసి వదలకుండా, ముందు రోజు రాత్రి కూడా ఇంకోసారి చెప్పించండి” అన్నారు. మరుసటి శనివారం కాగితంలో మొదటి వాక్యంగా, ‘గత వారం నీళ్లు ఆగే రోజును మేము తప్పుగా రాశాము’ అని రాశాను. ‘పొరపాటు జరిగినది’ అని రాయమని కార్యాలయంలో ఒకరిద్దరు సలహా ఇచ్చారు, మేడమ్ పరువు పోతుందన్నారు. కార్పొరేటర్ గారు నా వాక్యాన్ని చదివి, ‘మేము’ అన్న చోట వేలు పెట్టి, “ఇందులో నేనూ ఉన్నాను కదా అంకుల్, ఉండనివ్వండి” అని సంతకం చేశారు. ఆ రోజు నుంచి నీళ్లు ఆగే ముందు రోజు రాత్రి ఎనిమిదికి ఆడియో వెళ్లేది.

కాగితంలో జనం కత్తిరించి దాచుకున్న వార్తలు చూస్తే, రోడ్ల శంకుస్థాపనల గురించి మేము పడ్డ తాపత్రయం నవ్వు తెప్పిస్తుంది. ఏప్రిల్ నెలలోనే ఏడాది మొత్తం ఆస్తిపన్ను కడితే 5 శాతం తగ్గింపు ఉంటుందన్న రెండు వాక్యాలను మార్చి ఆఖరు వారంలో వేస్తే, నెల పొడవునా ఆ కాగితం ఫ్రిజ్‌ల మీద కనిపించింది. 2021 జనవరి 12న మొదలైన నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకానికి బస్తీల్లో తప్ప మీటరు ఉండాలి, క్యాన్ నంబరుకు (నల్లా బిల్లు ఖాతా సంఖ్యకు) ఆధార్ జోడించాలి, అపార్ట్‌మెంట్లలో ఏ ఫ్లాటుకు ఆ ఫ్లాటు విడిగా జోడించుకోవాలి; ఇది అర్థం కాక చాలామంది ఊరుకున్నారు, గడువును పలుమార్లు పొడిగించారు. కాలేజీ పిల్లలు నలుగురు రెండు ఆదివారాలు మా సంఘం గదిలో కూర్చుని ఆ పని చేసిపెట్టారు. వీధి దీపం ఫిర్యాదు చేసేటప్పుడు ‘మా ఇంటి ముందు’ అనకుండా స్తంభం మీది నంబరు చెప్పమన్న చిన్న సూచన మా కాగితం మొత్తంలో అత్యంత ఫలవంతమైన వాక్యం కావచ్చు.

అధికారులతో మాకు సఖ్యత ఒక్కరోజులో కుదరలేదు. ఒక యువ ఇంజనీరు మొదట్లో చాలా నొచ్చుకున్నారు. “సార్, ఒక పనికి అంచనా వేయాలి, మంజూరు రావాలి, టెండరు పిలవాలి, ఎవరూ వేయకపోతే మళ్లీ పిలవాలి, ఒప్పందం కావాలి. ఇవేమీ రాయకుండా ‘ఏఈ దగ్గర ఆగింది’ అని ఒక్క ముక్క రాస్తే అందరూ నేనే ఆపాననుకుంటున్నారు” అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అప్పటి నుంచి ‘ఎక్కడ ఆగింది’ అన్న గడిలో ఆ మెట్ల పేర్లే రాయసాగాము: అంచనా, మంజూరు, టెండరు, ఒప్పందం, పని. గురువారం సాయంత్రం చిత్తుప్రతి ఆయనకు పంపేవాణ్ని, శుక్రవారం మధ్యాహ్నంలోపు ఆయన సవరణ చెప్పేవారు. 2023 జూన్ 16న నగరంలోని 150 వార్డుల్లోనూ వార్డు కార్యాలయాలు తెరిచి, ఇంజనీరింగ్, పారిశుద్ధ్యం, దోమల నివారణ, పట్టణ ప్రణాళిక, జలమండలి, విద్యుత్తు విభాగాల సిబ్బంది పది మంది చొప్పున ఒకే చోట కూర్చునేలా ఏర్పాటు చేసినప్పుడు నాకు పని సులువైంది. ఆరు చోట్ల తిరిగి అడగాల్సింది ఒక గదిలోనే అడిగేవాణ్ని. మా దగ్గర ఆ గది ఒక పాత గ్రంథాలయ భవనంలో ఉండేది. కుర్చీల కంటే మనుషులు ఎక్కువ కావడంతో, దోమల విభాగం ఆయన కిటికీ గూట్లో కూర్చుని రిజిస్టరు రాసేవారు.

ఫోటోల గొడవ మాత్రం చివరిదాకా తెగలేదు. బోనాలకు, బతుకమ్మకు, నిమజ్జనానికి, రంజాన్‌కు కార్పొరేటర్ ఫోటోతో కాగితం వెళ్లకపోతే మనకు ఉనికే ఉండదని కార్యకర్తల వాదన. రాజకీయంగా వారి మాట తప్పని నేను అనను. ఓటు అడిగేది వాళ్లే, నేను కాదు. చివరికి పండుగలకు వేరే రంగుల కార్డులు వేసుకోవడానికి, శనివారం కాగితంలో మాత్రం గుంత ఫోటో తప్ప మనిషి ఫోటో లేకుండా ఉండటానికి రాజీ కుదిరింది.

అన్నీ అయ్యాయనుకుంటే పొరపాటు. నాలా మీద కాలనీకీ బస్తీకీ మధ్య ఉన్న పాత కల్వర్టు తూము ఇరుకు. వాన నీరు అక్కడే ఎగదన్ని బస్తీలోకి తిరుగుతుంది. దాన్ని వెడల్పు చేయాలని 2022 మే నెలలో మొదటిసారి కాగితంలో రాశాము. ‘అంచనా’ నుంచి ‘మంజూరు’కు, అక్కడి నుంచి తిరిగి ‘అంచనా’కు ఆ పని రెండుసార్లు నడిచింది. ఆగిన ప్రతి పని పక్కన ఎన్ని వారాలుగా ఆగిందో అంకె వేసేవాళ్లం కనుక, 2023 వానాకాలానికి కల్వర్టు పక్కన 61 అని పడింది. ఆ వారం గల్లీ సభలో ఆ అంకె చదువుతున్నప్పుడు, బొగ్గు గీత ఇంటి ఇల్లాలు ఏమీ అనకుండా కొంగు చివర ముడి వేసుకుంటూ కూర్చుంది. కార్పొరేటర్ గారు సర్వసభ్య సమావేశంలో రెండుసార్లు ప్రశ్న వేశారు. వచ్చిన లిఖిత జవాబును ఉన్నది ఉన్నట్టు కాగితంలో అచ్చు వేశాము. అందులో ‘త్వరలో’ అన్న మాట ఉంది. ఇతరుల వాక్యాన్ని దిద్దే హక్కు మాకు లేదు కనుక దాన్ని అలాగే ఉంచి, కొటేషన్ గుర్తులు పెట్టాను.

2025 చివర్లో చుట్టుపక్కల 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపి, వార్డుల సంఖ్యను 300కు పెంచారు. కొత్త పటంలో మా నాలాయే రెండు వార్డులకు హద్దు అయింది: కాలనీ ఇటు, బస్తీ అటు. డిసెంబరు ఆఖరి శనివారం నాటి కాగితంలో కొత్త వార్తలేవీ వేయలేదు. పెండింగ్ జాబితాలో మిగిలిన 23 పనులను కార్పొరేటర్ గారు, ఇంజనీరు, నేను మా ఇంటి టీపాయ్ చుట్టూ కూర్చుని, ఏది ఏ వార్డు కిందికి వస్తుందో చూసి రెండుగా విడదీశాము. తొమ్మిది ఇటు పడ్డాయి, పదమూడు అటు పడ్డాయి. మిగిలిన ఒక్కటి కల్వర్టు. హద్దు గీత సరిగ్గా దాని మధ్యగుండా పోతోంది. ఎటు వేయాలో ఇంజనీరు తేల్చలేకపోయారు. నేను దాన్ని రెండు జాబితాల్లోనూ రాసి, రెండుచోట్లా పక్కన ‘మంజూరు దగ్గర ఆగింది, 187 వారాలు’ అని వేశాను. ఆ రాత్రి ఒక ప్రతిని బస్తీలో ఇవ్వడానికి వెళితే, ఆమె రెండు ప్రతులూ కావాలని అడిగి తీసుకుని, గోడ మీద ఆ గీతకు కొంచెం పైన అన్నం మెతుకులతో అంటించుకుంది.